త అంటే తర్వాత

జీపు బయల్దేరిందని ఫోను వచ్చింది. అంటే గంటలో ఇక్కడుంటారు, పెద్దింజనీరు దారిలో టీకి ఆగకపోతే, ఆయన ఆగకుండా ఉండే మనిషి కాదు కనక ఇంకాస్త ఎక్కువే అనుకోవచ్చు, ఈలోగా ఈ ఒక్క గదీ అయిపోతే సుంకం బంగళా మొత్తం అయిపోయినట్టే. పొద్దుటి నుంచీ ఆమె సుద్దముక్క పట్టుకుని మేడ మీదా కిందా తిరిగి గోడగోడకీ అక్షరం వేస్తూనే ఉంది, దొరలు కట్టించిన గోడకి అ, అంటే అసలుది, ఉంచాలి, దొరలు పోయాక ఎవరెవరో తమ అవసరం కొద్దీ లేపుకున్న గోడకి త, అంటే తర్వాతది, తీసెయ్యాలి. గుమాస్తాగారి స్నానాలగదికి త. కాంపౌండరు తన పిల్లల పుస్తకాల కోసం వేయించిన అటకకి త. మెట్ల కింద ఎవరో పెట్టుకున్న బొగ్గుల కొట్టుకి కూడా త, దాని తలుపు మీద చిన్నపిల్లలు గీసిన బొమ్మ ఉంటే ఆ బొమ్మ మీదే రాసేసింది. ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఈ వరండా గదికొచ్చేసరికి ఆగింది, ఆగి చాలాసేపయింది.

గదిలో కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కిటికీ పక్కన వదిన, వీధివైపు మొహం పెట్టుకుని, బడి యూనిఫారాల నీలం గుడ్డ మీద మిషను తొక్కుతోంది. అన్న పోయిన దగ్గర్నుంచీ వదిన బతుకు ఈ మిషనూ ఈ కిటికీయే, వీధిన పోయేవాళ్లు కిటికీలోంచే గుడ్డ ఇస్తారు, కిటికీలోంచే కొలతలు చెబుతారు, కుట్టాక కిటికీలోంచే తీసుకుపోతారు, గడప తొక్కినవాళ్లు తక్కువ. బంగళాలో ఉన్న మిగతా కాపురాలన్నీ పోయిన ఏడే ఖాళీ చేసి బస్టాండు వెనక కొత్త క్వార్టర్సుకి వెళ్లిపోయాయి, గుమాస్తాగారి భార్య వెళ్తూ వెళ్తూ కుళాయికి కూడా దణ్ణం పెట్టిందట. వదిన ఒక్కతే వెళ్లలేదు, ఎందుకంటే పాత కట్టడాల కమిటీ ఒక మాటిచ్చింది, అసలు గదుల్లో చేతిపని చేసుకునేవాళ్లుంటే ఉండొచ్చని, బంగళా చూడ్డానికొచ్చేవాళ్లకి అదీ ఒక ముచ్చటేనని. లోపలి గదులు కమిటీ ఎప్పుడో తీసేసుకుంది, మిగిలిన ఈ గది అసలుదైతే వదిన ఉంటుంది. కాకపోతే బస్టాండు వెనక మూడో అంతస్తు, అక్కడ కిటికీ దగ్గరికి కొలతలివ్వడానికి కాకులు తప్ప ఎవరూ రారు.

"ఏంటమ్మాయ్, గోడని అలా ఎగాదిగా చూస్తున్నావు, నిన్న మొన్న పుట్టిందా అది?" అంది వదిన, దారం పంటితో కొరుకుతూ. "రాసెయ్, రాసెయ్. ఆ ఒక్క అక్షరం పడితే నాకూ నిశ్చింత."

"రాస్తాలే వదినా, తొందరేముంది."

"తొందర నాకు కాదు తల్లీ, మీ జీపుకి."

నిన్న మొన్న పుట్టలేదు, కానీ పుట్టడం తను చూసింది. వదినకి ఆ సంగతి తెలియదు. వదిన కాపురానికొచ్చిన కొత్తలో అన్న ఇల్లంతా తిప్పి చూపిస్తూ, అంత చూపించడానికి ఏముందని, లోపల రెండు గదులూ ఇదీ, ఈ గదిలోకి తీసుకొచ్చి మొహం చాలా గంభీరంగా పెట్టి, ఇదుగో ఇక్కడే దొరసాని సాయంత్రాలు కూర్చుని పియానో వాయించేది, ఈ గోడలు ఆ పాటలు విన్న గోడలు అన్నాడు. అన్నకి వేళాకోళం అంటే అన్నం కన్నా ఇష్టం. కొత్తపెళ్లికూతురు కళ్లు ఇంతలేసి చేసుకుని గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది, పాట ఇంకా ఏమైనా మిగిలిందేమోనన్నట్టు. వెనక నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, తనూ ఉంది, ఎవరూ అది అబద్ధం అనలేదు. నాన్న అయితే మురిసిపోయాడు. నేను పేర్చిన ఇటుకలు చూసి దొరల పనే అనుకుందంటే అంతకన్నా ఏం కావాలే అని రాత్రి అన్నాల దగ్గర అమ్మతో అన్నాడు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, రేపు చెప్పేద్దాంలే పాపం అంది. ఆ రేపు రాలేదు, వదిన ఈలోగా గోడ లేవడం చూడని కొత్త పక్కింటివాళ్లకి చెప్పేసింది, కుళాయి దగ్గర చెప్పేసింది, గుడ్డలు తెచ్చినవాళ్లందరికీ చెప్పింది, అంతమంది నమ్మాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం. తర్వాత నాన్న పోయాడు, అమ్మ పోయింది, అన్నా పోయాడు. నవ్వుకున్నవాళ్లలో తనొక్కతే మిగిలింది.

ఈ గది గది కాదు. మూడు కమాన్ల వరండా, వీధివైపు బార్లా తెరిచి ఉండేది. నాన్న రేవు ఆఫీసులో మరమ్మతుల మేస్త్రి, ఏటిలో ఇసుక మేట వేసి పడవలు రావడం మానేశాక సుంకం బంగళాని ఉద్యోగులకి వాటాలుగా పంచితే నాన్న వాటాకి వచ్చినదాంట్లో ఈ వరండా ఒక భాగం. తనూ అన్నా ఇక్కడే పడుకునేవాళ్లు, వాన ఏటవాలుగా కొడితే పక్కలు చుట్టుకుని లోపలికి పరుగు, లోపల కాళ్లు చాపుకోడానికి చోటుండేది కాదు. రేవులో కూలిపోయిన గోదాము ఇటుకలు అడిగి తెచ్చుకున్నాడు నాన్న, అవీ దొరల బట్టీలో కాలినవే, డ్యూటీ దిగాక రోజూ పొద్దువాలే దాకా నాలుగేసి ఇటుకలు పెట్టేవాడు. ఇటుకలకి అంటుకున్న పాత సున్నం గోకడం తన పని, గోడ తడపడం అన్న పని, అన్న గోడ కన్నా తనని ఎక్కువ తడిపేవాడు. సిమెంటుతో కడితే వారంలో అయిపోయేది. నాన్న సిమెంటు ముట్టుకోలేదు, దొరలు వాడిన గానుగ సున్నమే కావాలన్నాడు, కమాను స్తంభంలో ఇటుకల వరస ఎక్కడుంటే తన వరస కూడా అక్కడే రావాలన్నాడు, దారానికి గుండు కట్టి ఒక కన్ను మూసుకుని చూసేవాడు, కుదరకపోతే పెట్టిన ఇటుక పీకేవాడు. నువ్వు కట్టేది గోడా, నగా? అని అమ్మ విసుక్కునేది. ఆ యేడు వానాకాలం అంతా వాళ్లు తడుస్తూనే పడుకున్నారు, వానలు వెనకబట్టాక గోడ పూర్తయింది. సున్నం వాసన, చల్లటి తడి సున్నం వాసన, ఇప్పుడూ ఎక్కడ పాత కట్టడం బాగుచేస్తున్నా ముందు అదే ముక్కుకి తగులుతుంది, ఈ ఉద్యోగంలోకి ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే చదువూ అదీ చెబుతుంది కానీ, నిజానికి ఆ వాసనే.

పెద్దింజనీరుకి ఇవేవీ తెలియవు. ఆమెది ఈ ఊరేనని తెలుసు, ఈ బంగళాయేనని తెలియదు. చెబితే బాగుండేది, కానీ చెబితే పని ఇంకొకరికి వెళ్లేది, ఆ ఇంకొకరు బల్ల దగ్గర కూర్చునే గోడలు తేల్చేసే రకం, అలాంటివాడి చేతిలో పడేకన్నా తను చేస్తే కాస్త చూసి చేస్తుందిగదా అనుకుంది. ఇప్పుడు చూస్తూనే ఉంది. అసలు ఏది అసలు అన్నదే తిరకాసు. ఈ అక్షరాలు రావడానికి ముందు గోడలకి పా అని రాసేవాళ్లు, పాతది, జాగ్రత్తగా ఉంచండి అని పెద్దింజనీరు ఉద్దేశం. తంతి ఆఫీసులో చెక్కమెట్లకి ఆయనే స్వయంగా పెద్ద పా వేసి భోజనానికి వెళ్లాడు. పనివాళ్లు దాన్ని చూసి పాడైపోయింది కాబోలు అనుకుని, ఎంతో శ్రద్ధగా, ఒక్క మేకు కూడా వదలకుండా, మెట్లన్నీ ఊడదీసి ఎండలో వరసగా పేర్చి పెట్టారు. ఆయన తిరిగొచ్చి తల పైకెత్తి చూస్తే మేడ మేడలాగే ఉంది, ఎక్కడానికే దారి లేదు. వాళ్లని ఏమనగలడు, పా అంటే పాడైంది కాదని ఏ పుస్తకంలో ఉంది. ఆ రోజు నుంచి అ, త. ఇందులో పొరపాటు పడ్డానికి వీల్లేదని ఆయన నమ్మకం.

మిషను చప్పుడు ఆగింది, వీధిలో ఎవరో ఆగారు. బంగళా చూడ్డానికొచ్చినవాళ్లు, మొగుడూ పెళ్లాం అయి ఉంటారు, మెడలో కెమెరా. వీళ్లు సెలవురోజుల్లో ఎక్కువగా వస్తారు, పాత పోస్టాఫీసు దగ్గర మొదలుపెట్టి గడియారం బురుజు, దొరల క్లబ్బు, సమాధుల తోట చూసుకుంటూ చివరికి ఇక్కడికి చేరతారు. కిటికీ చాలా బాగుందండీ, ఒక్క ఫోటో తీసుకుంటాం, మీరు కొంచెం పక్కకి జరుగుతారా అంది బయట ఆవిడ, మర్యాదగానే. దానిదేముంది, తీసుకోండి అని వదిన లేచి కుర్చీతో సహా గోడ చాటుకి జరిగింది, నీలం గుడ్డ కూడా ఫ్రేములో పడకుండా లాగేసుకుంది, ఇలా రోజుకెన్నిసార్లు జరుగుతుందో ఆ ఒడుపు చూస్తే తెలుస్తోంది. దొరసాని ఇక్కడే పియానో వాయించేదట అని చాటు నుంచే చెప్పింది కూడా. అబ్బో అన్నారు వాళ్లు. ఫోటోలో ఉన్న కిటికీ చెక్కలు నాన్న రేవులో ఏరుకొచ్చిన పడవ చెక్కలు. వాళ్లు వెళ్లాక వదిన తిరిగి కిటికీ దగ్గరికి జరిగి సూదిలో దారం ఎక్కించుకుంది, మొహంలో కష్టం లేదు, ఇంటికొచ్చిన చుట్టానికి మంచం ఖాళీ చేసి ఇచ్చినంత మామూలుగా ఉంది.

అ అని రాస్తే అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? పెద్దింజనీరు అనుమానం వస్తే జేబులోంచి మేకు తీసి సందుల్లో గీస్తాడు, సిమెంటైతే గట్టిగా గీరుకుంటుంది, సున్నమైతే పొడి రాలుతుంది, ఇక్కడ పొడే రాలుతుంది. పాత ఫోటోలున్నాయి కానీ అన్నీ ఏటివైపు నుంచి తీసినవి, పడవలూ జెండాలూ తప్ప వీధివైపు ఎలా ఉండేదో ఒక్కదాంట్లోనూ లేదు. ఇటుక దొరలదే, సున్నం వాళ్ల పద్ధతే, వరస వాళ్ల వరసే. నాన్న ఎంత బాగా కట్టాడంటే సాక్ష్యం ఏమీ మిగల్చలేదు. ఉన్న సాక్ష్యం తనొక్కతే, తను నోరు మూసుకుంటే చాలు, వదిన కిటికీ వదినకుంటుంది. అంతకన్నా ఆడపడుచు చెయ్యగలిగింది ఏముంటుంది? పైగా అన్యాయమేమీ కాదు కూడా, దొరలు ఈ వరండాలో గాలికి కూర్చున్న కాలం కన్నా ఈ గోడ వెనక తమవాళ్లు కాపురం ఉన్న కాలమే ఎక్కువ. కానీ అ అని రాస్తే రేపు అది పటాల్లోకెక్కుతుంది, పటాల్లోంచి బోర్డు మీదకెక్కుతుంది, ఇక్కడ నిలబడి గైడు చెబుతాడు, దొరల పనితనం చూడండి అని. అన్న వేళాకోళం సర్కారు మాటైపోతుంది. నాన్న బతికుంటే దానికీ మురిసిపోయేవాడేమో, చెప్పలేం, ఆయన తత్వం అది. తను మురిసిపోలేదు. ఆ యేడంతా వానలో తడిసినందుకు, గోళ్లలో సున్నం ఇరుక్కుని మండినందుకు, ఇది నాన్న గోడ అని ఎక్కడో ఒకచోట ఉండాలి. అ అని రాస్తే గది ఉంటుంది, నాన్న పోతాడు. త అని రాస్తే కాగితంలో నాన్న ఉంటాడు, గది పోతుంది, గదితో పాటు వదిన పోతుంది. కాగితంలో ఉండి నాన్న ఎవర్ని ఉద్ధరించాలి? అని కూడా అనిపించింది. గుమాస్తాగారి గోడకి రాసేటప్పుడు ఇందులో సగం ఆలోచన కూడా రాలేదే, అదీ ఎవరో ఒకరి నాన్న కట్టిందేగా. పరాయివాళ్ల గోడల మీద అంత ధీమాగా రాసిన చెయ్యి తన గోడ దగ్గరికొచ్చేసరికి అక్షరం మారిస్తే, పొద్దుటి నుంచీ రాసినవన్నీ దొంగ రాతలే అవుతాయి. ఇలా అనుకుంటూ అనుకుంటూ ఉండగానే చెయ్యి లేచింది, రాసింది. పెద్దగా రాయలేదు. త.

మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపి వదిన తొంగిచూసింది.

"త అంటే ఏంటి?"

"తర్వాత."

"తర్వాతా? హమ్మయ్య!" వదిన మొహం విప్పారింది. "అ పడుతుందనుకున్నాను గానీ, పోనీలే, తర్వాత అంటే ఇంకా మంచిదే. ఆఫీసుల్లో తర్వాత అన్నారంటే ఇక ఎప్పటికీ కాదనేగా. కరెంటు మీటరు మార్చమని అడిగితే తర్వాత రండమ్మా అన్నారు, ఇప్పటికీ ఆ తర్వాత రాలేదు." నవ్వుతూ మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది, ఇందాకటికన్నా హుషారుగా.

పొరపాటు పడ్డానికి వీల్లేని అక్షరమట. పెద్దింజనీరు వినాలి ఈ మాట. ఆమెకి ఒక్క క్షణం నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది, ఎందుకంటే ఊరుకుంటే ఇది ఇలాగే ఉండిపోతుంది, వదిన హాయిగా కుట్టుకుంటూ ఉంటుంది, ఒక పొద్దున గునపాలు పట్టుకుని పనివాళ్లు వచ్చేదాకా. అమ్మ రేపు చెబుదామంది, అన్న చెప్పనే లేదు, ఇప్పుడు తను కూడా చెప్పకుండా జీపెక్కి వెళ్లిపోవచ్చు. ఇంటిల్లిపాదికీ ఇది అలవాటైన విద్యేగా.

"వదినా, అది వాయిదా వేసే తర్వాత కాదు. తర్వాత కట్టిన గోడ అని. దీన్ని తీసేస్తారు."

"దీన్నా? దొరల గోడని తర్వాత ఎవరు కట్టారు?"

"దొరల గోడ కాదు. నాన్న కట్టాడు. నేను ఇటుకలు గోకాను."

మిషను ఆగిపోయింది. వదిన గోడ వైపు చూసింది, ఆమె వైపు చూసింది, మళ్లీ గోడ వైపు.

"మరి మీ అన్న పియానో అన్నాడే?"

"వేళాకోళానికి అన్నాడు."

"వేళాకోళం." వదిన ఆ మాటని కొలత రాసుకునేటప్పుడు పైకి అనుకున్నట్టు మెల్లగా అంది. "మామగారు విన్నారు. అత్తగారు విన్నారు. నువ్వూ అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"ఇన్నేళ్లూ ఊళ్లో అందరికీ చెప్పాను. ఇందాక కూడా చెప్పాను, నువ్వు వింటూనే ఉన్నావు." కోపంగా అనలేదు, అని ఉంటే బాగుండేది. "ఇంట్లో అందరికీ తెలుసన్నమాట, నాకు తప్ప. చెప్పరులే. నేనూ తర్వాత వచ్చినదాన్నేగా."

 ఆమెకి సిగ్గేసింది, ఆ సిగ్గు గోడ గురించి కాదు. పండక్కో పబ్బానికో వచ్చి నాలుగు రోజులుండి పోయే తను ఈ ఇంటికి అసలు, ఈ ఇంటి గచ్చు రోజూ తుడిచిన వదిన తర్వాత. నాన్న మంచాన పడ్డప్పుడు ఒళ్లు తుడిచింది ఎవరు, అమ్మకి చివరి ముద్ద పెట్టింది ఎవరు, తను ఎక్కడో పరాయి ఊళ్లో కమాన్లకి కొలతలు తీస్తోంది అప్పుడు. ఇవన్నీ చెబుదామని నోరు తెరిచింది, బయట జీపు ఆగింది, హారన్ కూడా కొట్టారు, ఎవరూ అడ్డం లేకపోయినా.

పెద్దింజనీరు లోపలికొచ్చాడు, వెనక కమిటీవాళ్లిద్దరు, టీ తాగిన ఉత్సాహం ముగ్గురి మొహాల్లోనూ ఉంది. ఆయన మిగతా గదులు గబగబా చూసుకుంటూ వచ్చి ఈ గోడ ముందు నిలబడిపోయాడు. వేలితో సందులు తడిమాడు. మేకు తీసి గీశాడు, తెల్లటి పొడి రాలింది. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసుకుని, స్తంభం నుంచి గోడ దాకా వరస చూశాడు.

"ఇదేంటమ్మా, త వేశావు? వరస చూడు, కమానులో కలిసిపోయింది. అచ్చంగా గానుగ సున్నం. ఇది దొరల పనే. ఎండలో తిరిగి తిరిగి అలసిపోయినట్టున్నావు." జేబురుమాలు తీసి అక్షరం తుడవడానికి చెయ్యి చాపాడు.

 ఆమె ఒకసారి రాసింది, ఒకసారి చెప్పింది, మూడోసారి ఎదురుచెప్పే బలం లేదు, నిజం చెప్పాలంటే మనసు కూడా లేదు, తుడవనీ, ఆయనే తుడిస్తే తన తప్పేముంది. ఆయన చెయ్యి గోడ దాకా వెళ్లి ఆగింది. ఆయన మర్యాదస్తుడు, ఏ కట్టడమైనా అందులో ఉండేవాళ్లని ఒక మాట అడక్కుండా తేల్చడు. వదిన వైపు తిరిగాడు.

"నువ్వేగామ్మా ఇక్కడ కుట్టుపని చేసేది? ఈ గోడ సంగతి నీకేమైనా తెలుసా, ఎప్పటిదో ఏంటో?"

వదిన లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న దారపు ముక్కలు దులుపుకుంది. ఆమె వదిన మొహం చూడలేక కిటికీ చూసింది.

"దొరలది కాదండి," అంది వదిన. "మా మామగారు కట్టారు. మేడంగారు రాసింది కరెక్టే."

"మీ మామగారా!" పెద్దింజనీరు ఇంకోసారి గోడ చూశాడు, ఈసారి చాలాసేపు. "భలేగా కట్టాడమ్మా," అన్నాడు, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, అని జేబురుమాలు మడిచి లోపల పెట్టేసుకున్నాడు. "సరే అయితే. వానలకి ముందే ఈ మూడు కమాన్లూ తెరిచేద్దాం." కమిటీవాళ్లు తలాడించి రాసుకున్నారు. ముగ్గురూ గుమ్మం వైపు కదిలారు.

"నేను ఎప్పటికల్లా ఖాళీ చెయ్యాలి మేడం?" అంది వదిన. అడిగిన గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఆఫీసులో కిటికీ ముందు నిలబడి అడిగేవాళ్లు అడిగినట్టే అడిగింది.

"నేనొస్తాను వదినా," అంది ఆమె, అందరికీ వినపడేట్టే. "నాన్న గది, మనిద్దరం కలిసి సర్దుదాం."

పెద్దింజనీరు గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.  ఆమె మిషను దగ్గరికి వెళ్లి, కుట్టడం అయిపోయిన యూనిఫారాలు ఒక్కొక్కటీ తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. వదిన ఒక్క నిమిషం చూసి, అలా కాదు, కాలరు లోపలికి అని, తను కూడా ఒకటి అందుకుంది.